నమూనా బండి తయారుకాకముందే బ్రేకు తొక్కి చూడటం ఎలా?

నమస్కారం. యాసంగి వరి కోతలు మొదలయ్యాయంటే నల్లగొండ జిల్లాలో చాలా రోడ్లు సగమే మిగులుతాయి. మిగతా సగం వడ్లది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం తీసుకోరు, ఆరబెట్టడానికి అందరికీ కల్లాలు ఉండవు. ఎండకు కాగిన తారు రోడ్డు కంటే త్వరగా ఆరబెట్టే చోటు రైతుకు ఇంకెక్కడ దొరుకుతుంది? పోలీసులు వద్దంటూనే ఉంటారు, వడ్లు పరుస్తూనే ఉంటారు, చుట్టూ రాళ్లు పేరుస్తూనే ఉంటారు. ఎవరిది తప్పు అనే పంచాయితీ ఇవాళ మనకు వద్దు. ఆ రోడ్డు మీద మీ కారు బ్రేకు ఏం చేస్తుందో, దాన్ని అసలు బండి లేకుండా కంప్యూటర్‌లోనే ముందుగా ఎలా పరీక్షిస్తారో చూద్దాం.

మిర్యాలగూడ వైపు వెళ్తున్నారనుకోండి. వేగం గంటకు 72 కిలోమీటర్లు. ఎదురుగా లారీ వస్తోంది, మీరు ఎడమకు జరిగారు. ఎడమ చక్రాలు రెండూ వడ్ల మీదికి ఎక్కాయి, కుడి చక్రాలు రెండూ తారు మీదే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ముందుకు ఒక దూడ ఉరికింది. బ్రేకు బలంగా తొక్కారు.

కుడి చక్రాలకు తారు పట్టు దొరికింది, అవి గట్టిగా ఆపుతున్నాయి. ఎడమ చక్రాలు గింజల మీద జారుతున్నాయి. ఒకవైపు ఆపుతోంది, ఇంకోవైపు ఆపడం లేదు. కారు ముక్కు ఎటు తిరుగుతుంది? కుడికి. అంటే లారీ వైపు.

అలా తిరగకుండా చూడాల్సిన బాధ్యత ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ, దాని కంట్రోల్ యూనిట్‌లోని సాఫ్ట్‌వేర్‌ది. బ్రేకు ఇంజినీర్లు ఈ పరిస్థితిని స్ప్లిట్ మ్యూ అంటారు. మ్యూ అంటే టైరుకు, రోడ్డుకు మధ్య ఉండే పట్టును చెప్పే అంకె. పొడి తారు మీద అది 0.8, 0.9 దగ్గర ఉంటుంది, మంచు గడ్డ మీద 0.1 దాకా పడిపోతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, పట్టున్న వైపు ముందు చక్రానికి బ్రేకు ఒత్తిడిని ఒక్కసారిగా పెంచదు, కొద్దికొద్దిగా పెంచుతుంది. ఆ కాస్త వ్యవధిలో మీరు స్టీరింగు ఎడమకు తిప్పి కారును దారిలో పెట్టుకుంటారని దాని ఆశ. వెనక చక్రాలు రెండింటికీ జారే చక్రం తట్టుకోగలిగినంత ఒత్తిడే ఇస్తుంది. దీనివల్ల కారు అడ్డం తిరగదు, కానీ ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది. ఎంత తిరగనివ్వాలి, ఎంత దూరం వదులుకోవాలి అన్న బేరాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కొన్ని అంకెలు తేలుస్తాయి.

ఆ అంకెలు సరైనవో కావో కంపెనీకి ఎప్పుడు తెలుస్తుంది?

ఈ ప్రశ్న నాది కాదు. ఏబీఎస్ లైటు గురించి చేసిన పాత వీడియో చూసి మిర్యాలగూడ మెకానిక్ ఒకరు ఫోను చేసి అడిగారు. "తమ్ముడూ, బండి అమ్మిన ఆరు నెలలకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందని మళ్లీ షోరూముకు పిలుస్తారు. అమ్మేముందు పరీక్షించరా?" అన్నారు. పరీక్షిస్తారన్నా. కానీ ఏ దశలో పరీక్షిస్తారు, దేని మీద పరీక్షిస్తారు అన్నదాంట్లోనే కథంతా ఉంది. నేను హైదరాబాద్‌లో చేసే ఉద్యోగం ఇదే కాబట్టి కాస్త లోపలికి వెళ్లి చెబుతాను.

పాత పద్ధతి ముందు చూద్దాం. సాఫ్ట్‌వేర్ రాస్తారు. కంట్రోల్ యూనిట్ తయారయ్యేదాకా ఆగుతారు. ఆ తర్వాత ప్రోటోటైప్ బండి వచ్చేదాకా ఆగుతారు. ప్రోటోటైప్ అంటే షోరూములో మెరిసే కారు అనుకోకండి. చేత్తో కట్టిన బండి అది. తలుపు సందుల్లోంచి వైర్ల కట్టలు బయటికి వస్తుంటాయి, డాష్‌బోర్డు మీద టేపుతో అతికించిన కాగితాలు, గేరు పక్కన ఎర్రటి ఎమర్జెన్సీ స్విచ్, పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్న ఇంజినీరు, ఒళ్లో ల్యాప్‌టాప్. ఇలాంటి బండ్లు ఒక మోడల్‌కు కొన్నే ఉంటాయి, ఒక్కోటి అమ్మకపు ధరకు ఎన్నో రెట్లు ఖర్చు పెడితే గానీ తయారు కాదు. ఉదయం ఏసీ వాళ్లు, మధ్యాహ్నం ఇంజిన్ వాళ్లు, చీకటి పడే వేళకు బ్రేకు వాళ్లు. ఈ రంగంలో ఎక్కువగా వినపడే మాట "బండి ఖాళీ లేదు".

పైగా కొన్ని పరీక్షలకు బండి ఒక్కటే సరిపోదు, రుతువు కూడా కావాలి. జారే రోడ్డు మీద బ్రేకు చూడటానికి ప్రపంచంలోని చాలా పెద్ద కంపెనీలు చలికాలంలో స్వీడన్ ఉత్తరాన ఆర్యెప్లోగ్ దగ్గర గడ్డకట్టిన చెరువుల మీదికి బండ్లు తీసుకెళ్తాయి. మంచు కరిగేలోపు పని పూర్తి కాలేదంటే మళ్లీ ఏడాది ఆగాలి, లేదా భూగోళం అవతలి వైపున్న చలికాలాన్ని వెతుక్కోవాలి. మన దేశంలో ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో వాహనాలను పరీక్షించడానికి 2021లో ప్రారంభించిన నాట్రాక్స్ హైస్పీడ్ ట్రాక్ పొడవు 11.3 కిలోమీటర్లు. చక్కటి సౌకర్యం, కాదనను. కానీ అక్కడికి బండి తీసుకుపోయాక, ఒత్తిడి పెంచే లెక్కలో కూడికకు బదులు తీసివేత పడిందని తెలిస్తే, ఆ ఒక్క గుర్తు కోసం ఎంతమంది ప్రయాణం వృథా అయిందో చెప్పండి.

మన రైతు విత్తన సంచి తెచ్చుకోగానే నాలుగెకరాల్లో చల్లడు. గుప్పెడు గింజలు తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్క చూసుకుంటాడు. పొలం తడవకముందే, నాగలి కట్టకముందే తెలిసిపోతుంది. వాహన కంపెనీలు చాలా ఏళ్లు ఆ గోనె దశను వదిలేసి నేరుగా పొలంలో చల్లి చూశాయి. లోపం ఎంత ఆలస్యంగా బయటపడితే దాన్ని సరిదిద్దడం అంత ఖరీదవుతుంది. ప్రోటోటైప్ దాకా వచ్చేసరికి చిప్ ఎంపిక అయిపోయి ఉంటుంది, అందులో మెమరీ ఎంతో ఖరారై ఉంటుంది, విడిభాగాల కంపెనీ అచ్చులు పోసేసి ఉంటుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు కూడా పది మంది సంతకాలు అడుగుతుంది.

ఆ గోనె దశ పేరే సిమ్యులేషన్, అంటే బండిని కంప్యూటర్‌లో లెక్కలతో అనుకరించడం. ఈ మాట వినగానే చాలామందికి వీడియో గేమ్ గుర్తొస్తుంది. తెర మీద కారు, చెట్లు, ఆకాశం. నేను రోజూ చూసేదాంట్లో కారు బొమ్మే ఉండదు. కొన్ని సమీకరణాలు, వాటి నుంచి వచ్చే గీతలు, అంతే. ఏబీఎస్‌కు సంబంధించి అన్నిటికంటే చిన్న మోడల్‌కు ఒక్క చక్రం చాలు. కారు బరువులో నాలుగో వంతు ఆ చక్రం మీద పెడతాం. రెండు సంగతులు లెక్కగడతాం. మొదటిది, బండి వేగం. అది టైరు రోడ్డును పట్టుకున్నంత మేరకే తగ్గుతుంది. రెండోది, చక్రం తిరిగే వేగం. ఇక్కడ రెండు బలాల మధ్య తగువు ఉంది. బ్రేకు చక్రాన్ని ఆపాలని చూస్తుంది, రోడ్డు దాన్ని తిప్పుతూ ఉంచాలని చూస్తుంది. ఎవరు గెలిస్తే చక్రం వారి మాట వింటుంది.

ఈ రెంటినీ కలిపేది జారుడు. బండి వేగంలోంచి చక్రం వేగం తీసేసి, మళ్లీ బండి వేగంతో భాగిస్తే వచ్చే అంకె అది. చక్రం సాఫీగా దొర్లుతుంటే సున్నా, పూర్తిగా బిగుసుకుపోతే వంద శాతం. పొడి తారు మీద పట్టు గరిష్ఠంగా ఉండేది జారుడు పది నుంచి ఇరవై శాతం మధ్య ఉన్నప్పుడు. అది దాటితే పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే చక్రం ఇంకా జారుతుంది, రెప్పపాటులో లాక్ అవుతుంది. ఈ గీతను ఒక సూత్రంలో బంధించినవారు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పనిచేసిన ప్రొఫెసర్ హాన్స్ పసెయ్‌కా. దానికి మ్యాజిక్ ఫార్ములా అనే పేరు స్థిరపడింది. అందులో మాయేమీ లేదు. కొలిచిన గీతకు సరిపోయేలా అమర్చిన సూత్రం, భౌతికశాస్త్రంలోంచి పుట్టింది కాదు. ఆ సంగతి పేరులోనే ఒప్పుకున్నందుకు నాకు ఆయన మీద గౌరవం.

ఇప్పుడు కంట్రోలర్‌ను ఈ మోడల్‌కు ఎదురుగా కూర్చోబెడతాం. దానికి మ్యూ ఎంతో తెలియదు, బండి అసలు వేగం కూడా తెలియదు. చక్రం సెన్సార్ పంపే పల్సులు చూసి అంతా ఊహించుకోవాల్సిందే. అది బ్రేకు ఒత్తిడి చెబుతుంది, మోడల్ చక్రం వేగం చెబుతుంది, మళ్లీ అది ఒత్తిడి చెబుతుంది. సెకనులో వెయ్యో వంతుకు ఒకసారి ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. 72 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 20 మీటర్లు కాబట్టి ఇలా ఒక్కో విడతకు బండి 2 సెంటీమీటర్లు కదులుతుంది. నాలుగు చక్రాలకూ పట్టు 0.8 ఉంటే బండి ఆగడానికి సుమారు 25 మీటర్లు, 0.3 ఉంటే 68 మీటర్లు చాలునని కాగితం మీద లెక్క. ఎడమవైపు 0.3, కుడివైపు 0.8 అయితే? కాగితం చేతులెత్తేస్తుంది, సిమ్యులేషన్ చెబుతుంది. బండి లేదు, కంట్రోల్ యూనిట్ లేదు, వడ్లు లేవు. అయినా ముక్కు ఎన్ని డిగ్రీలు తిరిగిందో గీత కళ్లముందు ఉంటుంది.

దీనిలో మెట్లున్నాయి. మొదటి మెట్టులో కంట్రోలర్ ఇంకా బొమ్మ గీసిన తర్కమే, దాన్ని మిల్ (మోడల్ ఇన్ ద లూప్) అంటాం. రెండోది సిల్ (సాఫ్ట్‌వేర్ ఇన్ ద లూప్). అసలు బండిలోకి వెళ్లబోయే, సీ భాషలో రాసిన కోడ్‌నే మామూలు కంప్యూటర్ మీద నడిపిస్తాం. నన్నడిగితే పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ప్రతిఫలం ఇచ్చే మెట్టు ఇదే. అసలు కాలంతో దీనికి పని లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు వేల సందర్భాలు వరుసలో పెట్టి వెళ్తే తెల్లారేసరికి ఫలితాలు సిద్ధంగా ఉంటాయి. మొన్న చేసిన మార్పు నిన్నటిదాకా బాగా పనిచేసినదాన్ని చెడగొట్టిందా అన్నది ఇవాళ ఉదయానికే తెలుస్తుంది. మూడో మెట్టు పిల్ (ప్రాసెసర్ ఇన్ ద లూప్), కోడ్‌ను అసలు చిప్ మీద నడపడం. అక్కడ ఎక్కువసేపు ఆగను.

మిల్‌కూ సిల్‌కూ మధ్య ఒక గుంట ఉంది, అది మాత్రం చెప్పాలి. బొమ్మ దశలో అంకెలు విశాలంగా ఉంటాయి, ఎన్ని దశాంశ స్థానాలైనా పడతాయి. చిప్‌లోకి వెళ్లేటప్పుడు జాగా ఆదా కోసం వాటిని తరచుగా 16 బిట్ల పెట్టెల్లోకి కుదిస్తారు. ప్లస్, మైనస్ గుర్తుకు కూడా చోటిచ్చిన 16 బిట్ల పెట్టెలో పట్టే అతిపెద్ద అంకె 32,767. దాటితే పొంగిపోతుంది. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, దాదాపు 40 సెకన్లకు, దారి తప్పి పేలిపోయింది. రాకెట్ అడ్డంగా కదిలే వేగానికి సంబంధించిన 64 బిట్ల అంకెను 16 బిట్ల పెట్టెలో వేయబోతే పొంగింది. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. పాత రాకెట్‌లో ఆ వేగం ఎప్పుడూ అంత పెరగలేదు, కొత్తదాంట్లో పెరిగింది.

మరి వాళ్లు సిమ్యులేషన్ చేయలేదా? చేశారు. అదే నన్ను ఎప్పుడూ కలవరపెట్టే భాగం. మొత్తం రాకెట్‌ను అనుకరించిన పరీక్షల్లో, తప్పున్న ఆ దిశాసూచక పరికరం స్థానంలో దాని అనుకరణను పెట్టారు. అసలు పరికరాన్ని విడిగా పరీక్షించినప్పుడు ఏరియాన్ 5 వెళ్లే మార్గాన్ని దానికి చూపించలేదు. దొంగ ఉన్న గది తప్ప ఇల్లంతా వెతికారు. అందుకే సిమ్యులేషన్ రిపోర్టు నా ముందుకు వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఎన్ని పరీక్షలు పాసయ్యాయన్నది కాదు, ఏది అసలుది, ఏది బదులుగా పెట్టినది అన్న పట్టిక.

నాలుగో మెట్టు హిల్ (హార్డ్‌వేర్ ఇన్ ద లూప్) బెంచ్. చూడటానికి ఫ్రిజ్ అంత ర్యాక్, దాని నుంచి బయటికి వచ్చిన వైర్లు, ఆ వైర్ల చివర బల్ల మీద అరచేతిలో పట్టేంత అల్యూమినియం పెట్టె. ఆ పెట్టె అసలు కంట్రోల్ యూనిట్. ర్యాక్‌లో ఉన్నది ఉత్తుత్తి ప్రపంచం. చక్రాల సెన్సార్లు పంపాల్సిన కరెంటు సంకేతాలన్నీ ర్యాకే తయారుచేసి పంపుతుంది. పాపం ఆ పెట్టెకు తను ఏసీ గదిలో బల్ల మీద ఉన్నానని తెలియదు. వాన కురుస్తున్న రోడ్డు మీద 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాననే అనుకుంటుంది.

ఇక్కడ మనకు దొరికే గొప్ప వెసులుబాటు, కావాలని పాడుచేయగలగడం. మన దగ్గర బండి నాలుగు రోజులు కదలకుండా నిలబెడితే ఎలుకలు వైర్లు కొరికేస్తాయి, మెకానిక్ అన్నలందరికీ తెలిసిన బాధే. సగం కొరికిన వైరు పూర్తిగా తెగేది మీరు బ్రేకు తొక్కిన క్షణంలోనే అయితే? బెంచ్ మీద ఒక రిలే పెట్టి, బ్రేకు తొక్కిన తర్వాత సెకనులో వందో వంతుకు ఎడమ ముందు సెన్సార్ వైరు తెంపుతాం. తర్వాత యాభయ్యో వంతుకు తెంపుతాం. ఆ తర్వాత తెంపకుండా ఇనుప బాడీకి తగిలిస్తాం. చక్రం ఆగిపోయిందని భ్రమపడి కంట్రోలర్ బ్రేకు వదిలేస్తుందా, లేక సెన్సార్ పోయిందని గుర్తించి లైటు వెలిగించి తప్పుకుంటుందా? మనిషిని కూర్చోబెట్టిన బండిలో ఈ ప్రయోగం చేయడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? వాహనాల ఎలక్ట్రానిక్ భద్రతకు 2011లో వచ్చి 2018లో సవరించిన ఐఎస్‌ఓ 26262 ప్రమాణం కూడా ఇలా తప్పులు చొప్పించి చూడమని సిఫారసు చేస్తుంది.

ఇంతవరకూ బ్రేకు గురించే చెప్పాను. ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాక కథ ఇంకా రసవత్తరమైంది. శ్రీశైలం రోడ్డు తీసుకోండి. రాత్రి దోమలపెంటలో బస చేసి, కారు నూటికి నూరు శాతం చార్జ్ చేసుకుని, తెల్లవారగానే ఘాట్ దిగడం మొదలుపెట్టారనుకుందాం. ఎలక్ట్రిక్ కారు దిగుడులో మోటారునే జనరేటర్‌గా మార్చి వేగం తగ్గిస్తుంది, వచ్చిన కరెంటును బ్యాటరీలోకి తోస్తుంది. పెడల్ మీంచి కాలు తీస్తే చాలు, బండి నెమ్మదిస్తుంది. అది మీ కాలికి అలవాటైపోయింది. కానీ ఇవాళ బ్యాటరీ నిండుగా ఉంది, తోయడానికి చోటు లేదు. ఒకటిన్నర టన్నుల కారు 300 మీటర్ల ఎత్తు దిగితే వదులుకోవాల్సిన శక్తి సుమారు 1.2 కిలోవాట్ అవర్లు. అది ఎక్కడో ఒకచోటికి పోవాలి. నిండిన సెల్స్‌లోకి బలవంతంగా తోస్తే అవి పాడవుతాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ మోటారు బ్రేకును తగ్గించి, ఆ లోటును మామూలు బ్రేకుతో పూడ్చాలి. అదీ మీ కాలికి తేడా తెలియకుండా.

నాలుగో మలుపు దగ్గర మోటారు బ్రేకు ఉన్నట్టుండి తగ్గి, మామూలు బ్రేకు సెకనులో మూడో వంతు ఆలస్యంగా అందుకుందనుకోండి. కారు ముందుకు దూకినట్టు అనిపిస్తుంది. పక్కన లోయ ఉన్నప్పుడు ఆ భావన చాలు, డ్రైవరు భయపడి పెడల్‌ను గట్టిగా తొక్కడానికి. ఇక్కడ మోటారు ఒక కంపెనీది, బ్రేకు ఇంకో కంపెనీది, బ్యాటరీ మూడో కంపెనీది. ఒకరి రహస్యం ఒకరికి చెప్పరు. 2010లో మొదటి రూపం వచ్చిన ఎఫ్‌ఎమ్‌ఐ అనే ప్రమాణం ఈ చిక్కు తీర్చింది. లోపలి కోడ్ చూపించకుండానే ఎవరి మోడల్‌ను వారు మూసిన పెట్టెలా ఇచ్చుకోవచ్చు, అన్నీ కలిపి ఒకే సిమ్యులేషన్‌లో నడపవచ్చు. కారు రేకు ఇంకా కోయకముందే దోమలపెంట దిగుడు ఆడించి చూడవచ్చు.

బ్యాటరీ అన్నాను కాబట్టి పాలమూరు మాట. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఒప్పందం నాటి లెక్క ప్రకారం 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, సెల్స్‌కు 16, ప్యాక్‌లకు 5 గిగావాట్ అవర్ల సామర్థ్యం. ఆ జిల్లా పిల్లలు సెల్ తయారీ ఉద్యోగాల గురించి అడుగుతున్నారు, మంచిదే. సెల్స్‌ను కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడగాలని నా కోరిక. దాన్ని బీఎంఎస్ అంటారు. ఏ సెల్ ఎంత నిండింది, ఏది వేడెక్కింది, ఎప్పుడు చార్జింగ్ ఆపాలి అన్న నిర్ణయాలన్నీ దానివే.

దీన్ని అసలు సెల్స్ మీద పరీక్షించాలంటే సెల్‌ను హద్దు దాటించాలి, అంటే మంట పెట్టుకోవాలి. 2022లో దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరుసగా తగలబడ్డాక ఏఐఎస్ 156 భద్రతా ప్రమాణాన్ని కఠినం చేయాల్సి వచ్చింది. అసలు ప్యాక్‌ను కాల్చి చూసే పరీక్షలు ఎలాగూ ఉంటాయి, ఉండాలి. కానీ సాఫ్ట్‌వేర్‌కు మంట అవసరం లేదు. సెల్ ఎమ్యులేటర్ అనే పరికరం ఉంది, సెల్ ఇచ్చే వోల్టేజీనే తను ఇస్తుంది. ఎన్‌ఎంసీ రకం సెల్‌కు 4.2 వోల్టులు హద్దు. ఎమ్యులేటర్ మీద దాన్ని 4.3కు పెంచి, బీఎంఎస్ ఎంతసేపటికి కాంటాక్టర్‌ను, అంటే బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్‌ను, తెంచిందో గడియారంతో చూస్తాం. నల్లగొండ మే నెల 45 డిగ్రీల ఎండలో నిలబెట్టి అప్పుడే ఫాస్ట్ చార్జింగ్ పెట్టిన బండిని డిసెంబరులో చూడవచ్చు.

ఇంకో చిన్న సంగతి, నాకు ఇష్టమైనది. ఎల్‌ఎఫ్‌పీ రకం సెల్ వోల్టేజీ మధ్యలో చాలాదూరం బల్లపరుపుగా ఉంటుంది, దాన్ని చూసి ఎంత చార్జ్ మిగిలిందో పసిగట్టడం కష్టం. అందుకని వచ్చిన కరెంటు, పోయిన కరెంటు కూడుతూ తీసేస్తూ లెక్క రాసుకుంటారు. కరెంటు సెన్సార్ అర ఆంపియర్ తప్పు చూపిస్తుందనుకోండి. పది గంటలకు 5 ఆంపియర్ అవర్ల తేడా. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 5 శాతం. రోజులు గడిచేకొద్దీ తప్పు పేరుకుపోతుంది, మీటరులో 20 శాతం చూపిస్తూనే బండి రోడ్డు మీద ఆగిపోతుంది. బెంచ్ మీద ఇది తెలియాలంటే వారాలు కాపలా కాయాలి. సిల్‌లో నెల రోజుల ప్రయాణం టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

ఇంత చెప్పాక ఒక మాట నిష్కర్షగా అనాలి. కొన్ని సమావేశాల్లో "మొత్తం సిమ్యులేషన్‌లోనే పరీక్షించాం" అని గర్వంగా చెప్పేవారిని చూస్తే నాకు నమ్మకం పెరగదు, తగ్గుతుంది. మీరు ఊహించి పెట్టిన పరిస్థితినే సిమ్యులేషన్ పరీక్షిస్తుంది. మీకు తట్టనిది దానికీ తట్టదు. 1997లో మెర్సిడెస్ కొత్తగా తెచ్చిన ఏ క్లాస్ కారును స్వీడన్ విలేకరులు వాళ్ల ఊరి పద్ధతిలో పరీక్షించారు. రోడ్డు మీదికి మూస్ అనే పెద్ద దుప్పి వచ్చినప్పుడు ఒక్కసారిగా పక్కకు తిప్పి మళ్లీ దారిలోకి తెచ్చే పరీక్ష అది. కారు బోల్తా పడింది. కంపెనీ డెలివరీలు ఆపి, సస్పెన్షన్ మార్చి, అప్పటికి ఖరీదైన కార్లలోనే ఉన్న ఈఎస్‌పీని, అంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కారు అదుపు తప్పకుండా చూసే వ్యవస్థను, ఆ చిన్న మోడల్ కార్లన్నిటికీ బిగించింది. అంత పెద్ద కంపెనీకి పరీక్షల జాబితా లేదా? ఉంది. దుప్పి ఎదురొచ్చే దేశంలో ఉన్నవారికి ఏది ముఖ్యమో ఆ దేశంవారికే బాగా తెలుసు.

మన దుప్పులు మనకున్నాయి. రాత్రిపూట వెనక లైటు లేకుండా వెళ్లే పత్తి ట్రాక్టర్. రంగు వేయని స్పీడ్ బ్రేకర్. మన్ననూరు దాటాక అడవిలోంచి ఉరికే పందుల గుంపు. జడ్చర్ల దగ్గర హైవే మీద ఎదురుగా వచ్చే ఆటో. జర్మనీలో కూర్చుని రాసిన జాబితాలో ఇవి ఉండాలని ఆశించలేం, తిట్టాల్సిన పని కూడా లేదు. హైదరాబాద్‌లో కూర్చున్న మనం రాయకపోతే మాత్రం తిట్టాలి. పరీక్షల జాబితా రాసే బృందంలో జిల్లా రోడ్ల మీద బండి నడిపినవారు ఒక్కరైనా ఉండాలని నేను ప్రతిసారీ పట్టుబడతాను. కొందరికి అది చాదస్తం.

నిజం రోడ్డు మీద తిప్పి తేల్చుకుందాం అనేవారికి కూడా ఒక లెక్క. మనిషి నడిపే కారు కంటే తానే నడిచే కారు ప్రాణాంతక ప్రమాదాల్లో అధ్వానం కాదని గణాంకాలతో నిరూపించాలంటే ఒక్క మరణం కూడా లేకుండా 27.5 కోట్ల మైళ్లు, అంటే సుమారు 44 కోట్ల కిలోమీటర్లు తిరగాలని అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2016లో లెక్కగట్టింది. వంద కార్లు రాత్రింబగళ్లు ఆపకుండా తిరిగినా పన్నెండేళ్లు పైనే పడుతుంది. ఆలోపు సాఫ్ట్‌వేర్ మారితే మళ్లీ మొదటికి. కాబట్టి రోడ్డు ఒక్కటే చాలదు, కంప్యూటర్ ఒక్కటే చాలదు. రోడ్డు మీద కొలిచిన గీత పక్కన మోడల్ గీసిన గీతను పెట్టి, రెండూ ఎక్కడ విడిపోతున్నాయో చూడాలి. విడిపోయిన చోట మోడల్‌ను సరిచేయాలి, కొలతను కాదు. ఇది తలకిందులుగా చేసేవారూ ఉంటారు.

ఇప్పుడు మిర్యాలగూడ అన్న ప్రశ్నకు వద్దాం. 2014లో టొయోటా 19 లక్షల ప్రియస్ హైబ్రిడ్ కార్లను సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిచింది. వోల్టేజీ పెంచే భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కొన్ని పరిస్థితుల్లో ట్రాన్సిస్టర్లను మితిమీరి వేడెక్కించేది, బండి ఆగిపోయే ప్రమాదం ఉండేది. అంత జాగ్రత్తగల కంపెనీకే అలా జరిగింది. అన్నా, పరీక్షించకుండా ఎవరూ అమ్మరు. ఏ సందర్భాల కలయికలో చూశారన్నదే తేడా. వేడి, బరువు, ఎత్తు, పాత బ్యాటరీ, కొరికిన వైరు అన్నీ ఒకేసారి కలిసే రోజును ముందే చూడాలంటే, అంత చౌకగా వేల కలయికలు తిప్పగలిగే చోటు సిల్ ఒక్కటే. అప్‌డేట్ కోసం పిలిచారంటే, ఆ జాబితాలో ఒక వరుస ఆలస్యంగా చేరిందని అర్థం. బండి తీసుకెళ్లి చేయించండి.

చివరగా పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లలకు పని. కాలేజీలో ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్సు లేదని ఆగకండి. సైలాబ్, ఓపెన్ మోడెలికా ఉచితం, పైథాన్ ఉచితం. నేను చెప్పిన ఒక్క చక్రం మోడల్ రాయండి. చక్రం మీద బరువు 300 కిలోలు, చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లు, దాని జడత్వ భ్రామకం 1 కిలో చదరపు మీటరు, మొదటి వేగం సెకనుకు 20 మీటర్లు, లెక్కలో ఒక్కో విడత సెకనులో వెయ్యో వంతు. ఏబీఎస్ లేకుండా నేరుగా 1000 న్యూటన్ మీటర్ల బ్రేకు వేసి చూడండి. పట్టు గరిష్ఠంగా 0.8 ఉంటే రోడ్డు ఎదురు తిప్పగలిగేది సుమారు 706 మాత్రమే, కాబట్టి పావు సెకను కూడా పట్టకుండా చక్రం లాక్ అవుతుంది, బండి వేగం మాత్రం ఇంకా గంటకు 60 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఆ తర్వాత జారుడు 20 శాతం దాటితే బ్రేకు వదిలి, 10 శాతం కంటే తగ్గితే మళ్లీ వేసే నాలుగు వరుసల కంట్రోలర్ చేర్చండి. బ్రేకుకు సెకనులో యాభయ్యో వంతు ఆలస్యం కూడా పెట్టండి, ఎందుకంటే అసలు వాల్వులు చెప్పిన క్షణమే తెరుచుకోవు. ఆలస్యం పెట్టకముందు అందంగా ఉన్న గీత, పెట్టాక ఎలా ఊగుతుందో చూస్తే మీకే సగం పాఠం వస్తుంది.

ఒక చోట మీ ప్రోగ్రాం తప్పకుండా పిచ్చి అంకెలు చూపిస్తుంది, కంగారు పడకండి. బండి దాదాపు ఆగిపోయినప్పుడు జారుడు లెక్కలో సున్నాకు దగ్గరి అంకెతో భాగించాల్సి వస్తుంది, ఫలితం ఆకాశానికి ఎగురుతుంది. గంటకు 5 కిలోమీటర్ల దగ్గర కంట్రోలర్‌ను పక్కకు తప్పించి బ్రేకును నేరుగా వేయండి. అసలు ఏబీఎస్ కూడా నడక వేగం దగ్గర తప్పుకుంటుంది. వచ్చే వీడియోలో బ్యాటరీ సెల్‌కు మోడల్ కడదాం. ఒక వోల్టేజీ, రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. సెలవు.